తడి వేరు, తేమ వేరు

ప్రశ్న: మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. ఆఫ్రికా జాతి పాము, రెండేళ్ల బాల్ పైథాన్‌ను పెంచుతున్నాను. మూడడుగుల గాజు ట్యాంకు, పైన ఇనుప జాలీ మూత, అడుగున న్యూస్‌పేపరు, జాలీ మీద వంద వాట్ల బల్బు. చలికాలంలో కుబుసం ఒకే తొడుగులా చక్కగా వదిలేది. ఏప్రిల్ నుంచి రెండుసార్లూ ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఈసారి నడుము దగ్గర పేలికలు, తోక చివర ఉంగరంలాంటిది ఒకటి, కుడి కంటి మీద పొర అలాగే ఉండిపోయాయి. రోజుకు నాలుగైదుసార్లు స్ప్రే కొడుతున్నాను. తేమ మీటరు 70 శాతం చూపిస్తోంది. అయినా ఎందుకిలా? కంటి మీది పొరను చిన్న పట్టకారుతో తీసేయొచ్చా? మా అవ్వ కొబ్బరినూనె రాయమంటోంది. రాత్రిళ్లు గదిలో ఏసీ వేస్తాం, అది కూడా చెప్పాలనిపించింది.

జవాబు: ముందు ఆ పట్టకారు పక్కన పెట్టేయండి. తేమ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

పాముకు మనలా రెప్పలుండవు. కంటిని కప్పుతూ అద్దంలాంటి పొలుసు ఒకటి ఉంటుంది. కుబుసంతోపాటు దాని పైపొర కూడా ఊడి రావాలి. మీ పాముకు ఇప్పుడు పాతపొర, దాని కింద కొత్తపొర, దాని కింద కన్ను ఉన్నాయి. ఈ రెండు పొరలూ కలిపినా మందం ఏమీ ఉండదు. పట్టకారు మొన మొదటి పొర దగ్గరే ఆగుతుందని చేయి తిరిగిన డాక్టరు కూడా హామీ ఇవ్వలేడు. కొత్తపొర చిరిగిందంటే కన్ను ఎండి, పుండు పడి, చూపే పోవచ్చు. గోటితో గీకడం, సెల్లోటేపు అంటించి లాగడం కూడా ఇదే బాపతు.

అసలు అక్కడ పొర మిగిలిందో లేదో ముందు తేల్చుకోండి. రాలిన ముక్కల్లో తల భాగం దొరికితే దాన్ని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని చూడండి. కళ్లుండాల్సిన చోట రెండు గుండ్రటి గాజుబిళ్లల్లాంటివి కనిపించాలి. ఒక చోట బిళ్లకు బదులు బొక్క ఉంటే పొర కంటి మీదే ఉండిపోయినట్టు. ముక్క దొరక్కపోతే రెండు కళ్లనూ పోల్చి చూడండి. పొర మిగిలిన కన్ను మసకగా, ముడతలు పడి, అంచున సన్నని గీత కనిపిస్తూ ఉంటుంది. కన్ను కాస్త సొట్టపడి, మెరుపు మాత్రం తగ్గకుండా ఉంటే అది ఒంట్లో నీళ్లు తగ్గినందువల్ల కావచ్చు. కడుపునిండా నీళ్లు తాగితే ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. నిజంగా పొరే అయినా తొందరేమీ లేదు. తర్వాతి కుబుసం సరైన తేమలో విడిస్తే మామూలుగా పాతదీ కొత్తదీ కలిసే వచ్చేస్తాయి. అప్పుడూ రాకపోతే డాక్టరు పని.

తోక విషయంలో మాత్రం ఇంత ఓపిక పనికిరాదు. అక్కడ మిగిలిన ఉంగరం ఎండే కొద్దీ బిగుస్తుంది. వేలికి దారం గట్టిగా చుట్టి వదిలేసినట్టు, చివరికి రక్తం అందదు. రెండు మూడు కుబుసాల ఉంగరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే తోక మొన నల్లబడి, ఎండి, రాలిపోతుంది. కాబట్టి ఈ రోజే మొదలుపెట్టండి. పాత కాటన్ గుడ్డను గోరువెచ్చని నీళ్లలో ముంచి తోక చివరకు చుట్టి పది, పదిహేను నిమిషాలు ఉంచండి. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ గుడ్డతోనే పట్టుకుని, మొన వైపుకు మెల్లగా తిప్పుతూ జరపండి. రాకపోతే బలవంతం చేయకుండా రేపు మళ్లీ చేయండి. మొన ఇప్పటికే నల్లగా, గట్టిగా, తాకినా కదలకుండా ఉంటే ఇంట్లో ప్రయత్నాలేవీ వద్దు.

నడుము మీది పేలికలకు స్నానం కంటే ఆవిరిపెట్టె మేలు. మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని మూతకు ఏడెనిమిది చిల్లులు పెట్టండి. టర్కీ టవల్‌ను గోరువెచ్చని నీళ్లలో తడిపి, పిండి, లోపల గుల్లగా పరచండి. అందులో పామును వదిలి మూత పెట్టి, 30 నుంచి 40 నిమిషాలు ఉంచండి. డబ్బా లోపల 28 నుంచి 30 డిగ్రీలుండాలి, థర్మామీటరుతోనే చూడండి. మన చేతికి హాయిగా అనిపించే స్నానపు నీళ్ల వేడి పాముకు చాలా ఎక్కువ. డబ్బాను ఎండలో, హీటరు మీద పెట్టొద్దు. వదిలి బజారుకు వెళ్లొద్దు. బయటికి తీశాక తడి టవల్‌ను చేతిలో వదులుగా పట్టుకుని దాని మధ్య నుంచి పామును పాకనివ్వండి. పేలికలు టవల్‌కు పట్టుకుని తల నుంచి తోక వైపుకు వాటంతటవే ఒలుచుకుంటాయి. రోజుకు ఒక్కసారి, వరసగా మూడు రోజులకు మించొద్దు. మేత పెట్టి 48 గంటలు కాకపోతే ఈ పని మానుకోండి, మింగిన ఎలుకను కక్కేస్తుంది.

అవ్వకు కోపం రాకుండా చెప్పాలంటే, చర్మం ఎండింది కాబట్టి నూనె అన్న ఆలోచన మన చర్మానికి సరిపోతుంది. పాముకు లోటు పడింది పాత తోలుకూ కొత్త తోలుకూ మధ్యనుండే నీరు. పైన రాసిన నూనె అక్కడికి నీటిని తీసుకెళ్లలేదు. పైగా అడుగునున్న దుమ్మంతా ఒంటికి అతుక్కుంటుంది. బాల్ పైథాన్‌కు పైపెదవి వెంట వరసగా చిన్న గుంటలుంటాయి, వేటను దాని ఒంటి వేడిని బట్టి పసిగట్టేది వాటితోనే. నూనె, దుమ్ము కలిసి వాటిలోకీ ముక్కు రంధ్రాల్లోకీ చేరితే కొత్త బాధ. పసుపు కూడా వద్దు.

ఇక మీ అసలు ప్రశ్న. ఇంత స్ప్రే కొడుతున్నా కుబుసం ఒకే తొడుగులా ఎందుకు రావడం లేదు?

ఇడ్లీపాత్ర మూత తీసి పెట్టి, ఆవిరి చాలడం లేదని అడుగున నీళ్లు పోస్తూ పోతే ఎలా ఉంటుందో మీ ట్యాంకు ప్రస్తుతం అలా ఉంది. పైనంతా జాలీ. జాలీ మీద వంద వాట్ల బల్బు. బల్బు కింది గాలి వేడెక్కి జాలీలోంచి పైకి పోతుంది. దాని చోటును నింపడానికి గదిలోని పొడిగాలి దిగుతుంది. మీరు కొట్టిన స్ప్రేలో కొంత గాజుకు అంటుకుంటుంది, కొంత పేపరును తడుపుతుంది, మిగిలింది ఈ పొయ్యిగొట్టం లాగేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద ఆరేసిన లుంగీ ఎంతసేపట్లో ఆరుతుందో మీకు తెలుసు. ట్యాంకులో కూడా అంతే. చివరికి పాముకు దక్కేదేమిటంటే పొట్ట కింద తడి పేపరు, వీపు మీద పొడిగాలి. తడివల్ల పొట్ట పొలుసులు చెడతాయి, పొడివల్ల కుబుసం చిరుగుతుంది. ఒకే ట్యాంకులో రెండు జబ్బులకూ ఏర్పాటు జరిగిపోయింది.

ఏసీ మాట చెప్పడం మంచిదైంది. గాలి వేడెక్కిన కొద్దీ దానికి నీటిని పట్టుకునే శక్తి పెరుగుతుంది. కాబట్టి ఉన్న నీరు మారకపోయినా శాతం పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిని ట్యాంకులో 32 డిగ్రీలకు వేడిచేస్తే అదే గాలి దాదాపు 47 శాతం అయిపోతుంది. ఏసీ నడిచే గదిలో గాలి 24 డిగ్రీలు, 50 శాతం అనుకోండి. బల్బు కిందికి చేరి 32 డిగ్రీలయ్యేసరికి 31 శాతం. ఏసీ ఒకవైపు గాలిలో నీరు పిండి పైపులోంచి బయటికి పంపుతుంది, బల్బు మరోవైపు మిగిలినదాన్ని పలచన చేస్తుంది. చలికాలంలో ఏసీ లేదు, బయట గాలిలో తేమ ఉంది. అప్పుడు కుబుసం బాగా రావడంలో మీ ట్యాంకు గొప్పతనం ఏమీ లేదు, ఊరి వాతావరణం కాపాడింది.

మరి మీటరు 70 ఎందుకంటోంది? మీది ముల్లు తిరిగే గుండ్రటి రకమైతే, గాజుకు పైన చల్లటి మూలలో అంటించి ఉంటే, స్ప్రే కొట్టాక చూస్తుంటే, అది 70 అనడంలో వింతేమీ లేదు. తడి గాజు పక్కనున్న గాలిని కొలిచి చెబుతోంది. డిజిటల్ హైగ్రోమీటరు (తేమ కొలిచే మీటరు), వైరు చివర ప్రోబ్ (కొలిచే మొన) ఉన్నది, 24 గంటల్లో కనిష్ఠం గరిష్ఠం గుర్తుపెట్టుకునేది కొనండి. ప్రోబ్‌ను పాము పడుకునే ఎత్తులో, అడుగుకు రెండు మూడు వేళ్ల పైన, వేడి కొసకూ చల్లటి కొసకూ మధ్యలో పెట్టండి. చూడాల్సిన అంకె కనిష్ఠం. మీటరును నమ్మేముందు ఉప్పుతో పరీక్షించండి: సీసామూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కలు చుక్కలుగా నీళ్లు కలపాలి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ జిప్ కవర్లో పెట్టి గాలి చొరకుండా మూసి 12 గంటలు గదిలో వదిలేయండి. తెరవకుండానే బయటి నుంచి చదవండి. 75 చూపాలి. 68 చూపిస్తే మీ మీటరు ఏడు తక్కువ చెబుతోందని రాసిపెట్టుకోండి.

బాల్ పైథాన్‌కు మామూలు రోజుల్లో 55 నుంచి 65 శాతం, కుబుసం రోజుల్లో 65 నుంచి 75 ఉంటే చాలు. దీని సొంత ఊరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. పైన ఎండిన గడ్డినేలలే అయినా ఇది పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుంటుంది. పుట్టలో చేయిపెడితే చల్లగా, చెమ్మగా ఉంటుందే, ఆ గాలి దీనికి కావాలి. పుట్ట లోపల నీళ్లు కారవు, గోడల మట్టి నెమ్మదిగా చెమ్మను వదులుతూ ఉంటుంది. మీ ట్యాంకులో ఏర్పాటు కూడా అదే పద్ధతిలో, నేలలో చెమ్మ దాచి పైన మూత బిగించేలా ఉండాలి. స్ప్రే సీసా పని చాలావరకు అయిపోయింది.

మూతతో మొదలుపెట్టండి. జాలీలో అయిదింట దాదాపు నాలుగు వంతులు మూసి ఒక వంతు వదిలేయాలి. మూడడుగుల ట్యాంకు కాబట్టి చల్లటి కొస వైపు ఏడంగుళాల పట్టీ తెరిచి ఉంచండి, గాలి మారడానికి అది సరిపోతుంది. మూయడానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ రెండు మడతలు, లేదా అద్దాల షాపులో కోయించిన అక్రిలిక్ షీటు వాడండి. బల్బు ఉన్నంతవరకు దాని దగ్గర ప్లాస్టిక్ రాకూడదు.

ఆ బల్బును అసలు తీసేయడమే మా సలహా. బదులు థర్మోస్టాట్‌తో హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచటి పట్టా) పెట్టండి; థర్మోస్టాట్ అంటే అనుకున్న వేడి రాగానే దాన్ని ఆపేసే పరికరం. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. మ్యాట్‌ను ట్యాంకు అడుగున అంటించి, లోపల మూడంగుళాల కొబ్బరిపొట్టు పోస్తే వేడి పైకి రాలేక గాజు దగ్గరే నిలుస్తుంది. గాజు పగలొచ్చు, పాము పొట్టును తవ్వుకుంటూ దిగితే పొట్ట కాలొచ్చు. కింద మందంగా వేసేవాళ్లు మ్యాట్‌ను పక్కగోడకు బయటి నుంచి, నేలమట్టానికి కాస్త పైన అంటించాలి. థర్మోస్టాట్ ప్రోబ్ లోపల అదే చోట గాజుకు తగిలేలా ఉండాలి. వేడి కొస 31 నుంచి 32 డిగ్రీలు, చల్లటి కొస 25 నుంచి 27. గది తనంతట తానే 33 దాటే మధ్యాహ్నాల్లో మ్యాట్‌కు పనే లేదు, థర్మోస్టాట్ ఉంటే అదే ఆపేస్తుంది. ఎక్కడా 35 దాటనివ్వకండి.

తర్వాత నేల. నర్సరీల్లో దొరికే కోకోపీట్ (కొబ్బరిపొట్టు) ఇటుకలు తీసుకోండి, ఎరువు కలిపినవి వద్దు. మూడడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు ట్యాంకులో మూడంగుళాల మందం రావాలంటే దాదాపు 32 లీటర్ల పొట్టు కావాలి. 650 గ్రాముల ఇటుక ఒకటి నీళ్లు తాగి ఎనిమిది తొమ్మిది లీటర్లు అవుతుంది కాబట్టి నాలుగు ఇటుకలు. బకెట్లో నానబెట్టి, పాత పంచెలో వేసి పిండి, నీళ్లు మార్చి మళ్లీ పిండండి, రెండుసార్లు. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉండిపోతుంది, అది వదలాలి. తర్వాత గోనెపట్టా మీద ఒక పూట ఆరబెట్టండి. గుప్పెడు తీసి గట్టిగా పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క కారకూడదు. కారితే ఇంకా ఆరాలి. పొడిపొడిగా రాలితే ఎక్కువ ఆరింది. కోకోపీట్ ఒక్కటే అయితే ఎండినప్పుడు దుమ్ము లేస్తుంది. మూడు పాళ్లలో ఒక పాలు కొబ్బరిపీచు ముక్కలు కలిపితే గుల్లగా ఉంటుంది, బూజు కూడా తక్కువ. వడ్రంగి దగ్గర తెచ్చే రంపపు పొట్టు జోలికి పోవద్దు, ఏ చెట్టుదో తెలియదు, తడిస్తే బూజు.

నీళ్లు పోయడానికి చోటు మూలలు. వారానికి రెండుసార్లు, మే నెలలో మూడుసార్లు, రెండు మూలల్లో గోడ వెంట పావులీటరు చొప్పున మెల్లగా పోయండి. నీరు అడుగుకు దిగి, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా పైకి ఆవిరవుతుంది. పైపొర తాకితే పొడిగా, వేలు గుచ్చితే చెమ్మగా తగలాలి. వారానికోసారి చేత్తో కలియబెట్టండి. రెట్టవేసిన చోట చుట్టూ పిడికెడు పొట్టుతో సహా తీసేయండి. రెండు మూడు నెలలకోసారి మొత్తం మార్చండి. తాగే నీళ్లపాత్ర వెడల్పాటిది, బరువైనది పెట్టండి. పాలిష్ లేని మట్టి మూకుడు అయితే దాని గోడల్లోంచి కూడా చెమ్మ ఊరుతుంది. రోజూ నీళ్లు మార్చి మూకుడును రుద్ది కడగాలి. కార్తీకంలో నాగులచవితికి ఎవరైనా అందులో పాలు పోస్తామంటే దణ్ణం పెట్టి వద్దనండి.

నీటిని మంచుపొగలా చిమ్మే అల్ట్రాసోనిక్ ఫాగర్లు చూసి ముచ్చటపడేవాళ్లు చాలామంది. పొగలా వస్తుంటే వీడియోకు బాగుంటుంది. అది నడిచినంతసేపు 95, ఆపిన అరగంటకు మళ్లీ 40. రోజూ కడగని ఫాగరు నీటిలో పెరిగే సూక్ష్మజీవులు ఆ పొగతోపాటే పాము ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోరు నీళ్లు పోస్తే వారానికే తెల్లటి గార కడుతుంది. పైన చెప్పిన మూత, నేల సరిగా ఉంటే అది అక్కర్లేదు.

కుబుసం రోజుల కోసం మాత్రం ఒక చెమ్మగూడు చేసి పెట్టుకోండి. ఫంక్షన్లలో మిగిలే నాలుగు లీటర్ల ఐస్‌క్రీమ్ డబ్బా సరిగ్గా సరిపోతుంది. పాము చుట్టలు చుట్టుకుంటే గోడలు ఒంటికి తగలాలి, మరీ విశాలంగా ఉంటే లోపల ఉండదు. స్టీలు గ్లాసును వంటింటి పట్టకారుతో పట్టుకుని అంచు స్టవ్ మీద కాల్చి డబ్బా పక్కకు అద్దితే గుండ్రటి దారి పడుతుంది. ఆరుబయట చేయండి, పొగ మంచిది కాదు. పాము ఒంట్లో అన్నిటికంటే లావు చోటు కన్నా రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉండాలి. అంచును ఉప్పుకాగితంతో రుద్ది, వేలితో చుట్టూ తడిమి చూడండి, ఎక్కడా గుచ్చుకోకూడదు. లోపల ఆర్కిడ్ మొక్కలకు వాడే స్ఫాగ్నమ్ మాస్ (నీటిని పట్టి ఉంచే ఎండు నాచు) వేయండి. పచ్చరంగు వేసింది కాకుండా ఎండుగడ్డి రంగులో ఉండేది అడగండి. పది నిమిషాలు నానబెట్టి చుక్క కారకుండా పిండి, సగం ఎత్తు వరకు నింపండి. మాస్ దొరక్కపోతే దారాలు ఊడని కాటన్ గుడ్డ తడిపి పెట్టొచ్చు, కానీ రోజు విడిచి రోజు ఉతకాలి. గూడు చోటు వేడి కొసకు కాస్త ఇవతల. చల్లటి కొసలో పెడితే లోపల చెమ్మ, చలి కలిసి ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. వారం దాటితే మాస్ తీసి వేడినీళ్లలో ముంచి పిండండి, వాసన వస్తే పారేయండి.

దీన్ని ఎప్పుడు పెట్టాలి? ఒంటి రంగు మసకబారి, పొట్ట గులాబీ రంగుకు తిరిగిన రోజే. రెండు మూడు రోజుల్లో కళ్లు నీలం కలిసిన పాలరంగుకు మారతాయి. పాతపొరకూ కొత్తపొరకూ మధ్య ద్రవం ఊరడం వల్ల ఆ రంగు. కొన్నాళ్లకు కళ్లు మళ్లీ తేటపడతాయి. కుబుసం ఎప్పుడో విడిచేసిందేమో, అయిపోయిందిలే అని చాలామంది గూడు తీసేసేది, నీళ్లు పోయడం ఆపేసేది అప్పుడే. నిజానికి విడిచే రోజుకు ఇంకా మూడు నాలుగు రోజులుంటుంది. అప్పటికి మధ్యలోని ద్రవం ఇంకిపోయి ఉంటుంది, పాత తోలు మెత్తగా ఉండాలంటే బయటి తేమే దిక్కు. కళ్లు తేటపడ్డాక తేమ 70కి తగ్గకుండా చూడండి. మొదటి మసక నుంచి విడిచేదాకా అటూ ఇటూగా పది, పద్నాలుగు రోజులు. ఈ రోజుల్లో చేతిలోకి తీసుకోవద్దు, దానికి సరిగా కనపడదు, ఉలిక్కిపడుతుంది. మేత తినకపోయినా కంగారొద్దు. ముట్టె రుద్దుకోవడానికి కాస్త గరుకు రాయి ఒకటి, మొనలు లేనిది, లోపల ఉంచండి. పెదవుల దగ్గర చీలి, మేజోడు తిరగేసి తీసినట్టు తల నుంచి తోకదాకా ఒకే తొడుగు రావాలి. దాన్ని బీరువాలో డబ్బుల పక్కన దాచుకునే అలవాటు మీ ఇంట్లో ఉంటే, దాచే ముందు కళ్లబిళ్లలు రెండూ, తోక మొనా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఏసీని మానేయమని చెప్పం, తిరుపతి మే నెలలో అది పాముకే అవసరం. 20కి కాకుండా 27కు పెట్టండి, గాలి నేరుగా ట్యాంకు మీదికి రాకుండా తిప్పండి. ఎయిర్‌కూలర్ ఉన్న గదిలో ఎండాకాలం తేమ దానంతటదే పెరుగుతుంది, అప్పుడు మూలల్లో నీళ్లు సగానికి తగ్గించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో మొత్తం తిరగబడుతుంది. నీళ్లు పోయడం ఆపి, జాలీ మీది మూత సగానికి జరపండి, మీటరు రోజుల తరబడి 80 పైనే నిలిస్తే పొట్టు పైపొర తీసి ఆరబెట్టండి. పొట్ట పొలుసులు ఎర్రబారడం, గోధుమరంగు మచ్చలు, నీటిపొక్కులు కనిపిస్తే పామును వెంటనే పొడి న్యూస్‌పేపరు మీదికి మార్చాలి. మీరు ఇప్పుడు వాడుతున్న పేపరుకు ఉపయోగం అక్కడ. తుపాను రోజుల్లో కరెంటు పోయి రాత్రంతా రాకపోతే, వేడినీళ్ల సీసాను టవల్లో చుట్టి ట్యాంకు గోడకు బయట ఆనించండి. తడి, చలి కలిస్తే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది: ముక్కు దగ్గర బుడగలు, ఊపిరిలో ఈల, నోరు తెరిచి తల పైకెత్తి ఊపిరి పీల్చడం దాని గుర్తులు.

ఇవన్నీ చేశాక కూడా రెండుసార్లు ముక్కలుగానే వస్తే కారణం తేమ కాకపోవచ్చు. నల్లటి నలుసులు దవడ కింద, కళ్ల చుట్టూ, నీళ్లపాత్ర అడుగున కనిపిస్తే అవి మైట్లు, రక్తం పీల్చే చిన్న పురుగులు. రెట్టలో తెల్లటి భాగం సున్నం ముద్దలా మెత్తగా ఉండాలి. పసుపుపచ్చగా, గట్టిగా, రాయిలా ఉంటే పాము నీళ్లు చాలక ఎండుతోంది. పాత కాలిన మచ్చల మీద కుబుసం ఎప్పుడూ అతుక్కుంటుంది. వంటింటి కాటాతో నెలకోసారి బరువు చూసి రాసిపెట్టుకోండి, తగ్గుతూ పోతే ఆగకండి.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉండటం మీ అదృష్టం. వెళ్లేముందు ఫోను చేసి, పాములను చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. కాగితాలు కూడా సిద్ధంగా ఉండాలి. బాల్ పైథాన్ సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలోని జంతువు. ఇలాంటివి పెంచేవాళ్లు 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. మీరు చేయించి ఉంటే ఆ రసీదు ఒక నకలు ట్యాంకు దగ్గరే పెట్టుకోండి. చూసినవాళ్లు దీన్ని మన కొండచిలువ పిల్ల అనుకోవడం మామూలే, కొండచిలువను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

తీసుకెళ్లేటప్పుడు దిండుగలీబులో వేసి మూతి ముడివేసి, ఆ గలీబును చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఎండ ముదరకముందే బయల్దేరండి. బండి పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకోవద్దు, అక్కడి వేడి డబ్బాలోకి ఎక్కుతుంది. తోక మీద ఉంగరం ఊడకపోతే రాలిన కుబుసం ముక్కలు, గత వారం మీటరు కనిష్ఠాలు రాసిన కాగితం, ఆఖరిసారి మేత పెట్టిన తేదీ కూడా వెంట తీసుకెళ్లండి. డాక్టరు మొదట అడిగేవి అవే.